మంచం మీద ఒత్తిగిలితే ఇల్లు తిరుగుతోందంటే, ముందు పడుకోబెట్టి చూడాలండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత తిరిగి చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. అమ్మగారికి 61 ఏళ్ళు, ఊరు రాజోలు దగ్గర. నాలుగు నెలల క్రితం ఒక తెల్లవారుజామున మంచం మీద కుడి పక్కకి ఒత్తిగిలేసరికి ఇల్లంతా గిర్రున తిరిగింది, డోకొచ్చింది, అర నిమిషంలో ఆగిపోయింది. అప్పట్నుంచీ కుడివైపు ఒత్తిగిలినా, వెనక్కి వాలినా, లేచి కూర్చున్నా, దండెం మీద బట్టలు వేయడానికి తలెత్తినా అదే వరస. మొదట పైత్యం అనుకుని అల్లంరసం, నిమ్మకాయ నీళ్ళు పట్టారు. తర్వాత బీపీ చూశారు, రక్తం చూశారు. మెడ ఎక్స్‌రే తీసి ఎముకలు అరిగాయని కాలర్ వేశారు. తలకి ఎంఆర్‌ఐ తీస్తే ఏమీ లేదన్నారు. మాత్రలు మూడుపూటలా నడుస్తూనే ఉన్నాయి. రెండు నెలలుగా ఆవిడ మంచం ఎక్కడం మానేసి పడక కుర్చీలోనే నిద్రపోతున్నారు. ఇది మెదడు జబ్బా, ఇక జీవితాంతం ఇంతేనా అన్నది మీ ప్రశ్న.

నేను ఈ గోదావరి డెల్టాలోనే ఒక చిన్న పట్నంలో 24 ఏళ్ళుగా చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. మీరు రాసినదాంట్లో నేను ఒక్క వాక్యం కోసం వెతికాను, అది కనపడలేదు. ఈ నాలుగు నెలల్లో ఎవరైనా ఆవిడ తల ఒక పక్కకి తిప్పి, చప్పున వెనక్కి పడుకోబెట్టి, ఆ క్షణంలో కళ్ళు ఎలా కదులుతున్నాయో చూశారా? చేసి ఉంటే మీరు తప్పకుండా రాసేవారు. ఆ పరీక్ష ఒకసారి చేయించుకున్నవాళ్ళు దాన్ని మర్చిపోరు. చేయలేదంటే, ఇన్ని పరీక్షలు అయినా అసలు పరీక్ష ఇంకా జరగలేదనే లెక్క.

మనిషిని చూడకుండా నూటికి నూరు శాతం తేల్చి చెప్పకూడదు. కానీ మీరు చెప్పిన తీరు చూస్తే ఇది చాలావరకు లోపలి చెవిలో సన్నటి రాళ్ళు చోటు మారడం వల్ల వచ్చే తిరుగుడు. వైద్యంలో దీని పేరు బినైన్ పెరాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో, పొట్టిగా బీపీపీవీ అంటాం. బినైన్ అంటే ప్రాణం మీదికి రానిది, పెరాక్సిస్మల్ అంటే ఉన్నట్టుండి వచ్చిపోయేది, పొజిషనల్ అంటే తల ఉన్న భంగిమని బట్టి వచ్చేది, వర్టిగో అంటే గిర్రున తిరగడం. తల తిరుగుడు జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనపడేది ఇదే. తలని ఒక పద్ధతిలో తిప్పితే తగ్గుతుంది, చాలామందికి ఒక్క పూటలోనే.

అసలు చిక్కు మన మాటల దగ్గరే మొదలవుతుందండి. మా ఓపీకి వచ్చినవాళ్ళు అందరూ "కళ్ళు తిరుగుతున్నాయి డాక్టరుగారూ" అనే అంటారు. ఆ ఒక్క మాటలో నాలుగు వేరు వేరు సంగతులు ఉంటాయి. కూర్చున్నవాళ్ళు లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మి, పడిపోతామేమో అనిపించడం ఒకటి. అది బీపీ ఒక్కసారిగా దిగడం వల్ల, బీపీ మాత్రల మోతాదు వల్ల, రక్తం తక్కువై, ఒంట్లో నీరు తగ్గి రావచ్చు. తలంతా దిమ్ముగా, బరువుగా ఉండటం రెండోది. కళ్ళకి ఏమీ తిరక్కుండా నడుస్తుంటే తూలిపోవడం మూడోది. గది, గోడలు, ఫ్యాను అన్నీ చుట్టూ పరిగెత్తినట్టు గిర్రున తిరగడం నాలుగోది. నేను మొట్టమొదట అడిగేది "తిరిగింది మీరా, ఇల్లా?" అని. రెండో ప్రశ్న "ఎంతసేపు?" మూడోది "ఏం చేస్తుంటే?" ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం జబ్బు తెలిసిపోయినట్టే. మీ అమ్మగారి జవాబులు: ఇల్లు తిరిగింది, అర నిమిషం, ఒత్తిగిలితే. దీనికి నాకు ఎంఆర్‌ఐ అక్కర్లేదు, ఒక బల్ల కావాలి.

లోపల జరిగేది కాస్త వివరంగా చెప్తాను. ఎందుకంటే ఇది అర్థమైతే వైద్యం ఎందుకు పనిచేస్తుందో మీకే తెలుస్తుంది, అమ్మగారికి భయం పోతుంది.

మేస్త్రి గోడ కడుతూ రసమట్టం పెట్టి చూసుకుంటాడు కదా, అలాంటివి మన చెవి లోపల ఎముకలో మూడు ఉన్నాయి. మూడూ సన్నటి వంపు గొట్టాలు, బడి పుస్తకాల్లో అర్ధవృత్తాకార కుల్యలు అని చదువుకున్నవే. ఒకదానికొకటి అడ్డంగా మూడు దిక్కుల్లో ఉంటాయి, లోపల ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం ఒక మెత్తటి పొరని నెడుతుంది, తల ఎటు తిరిగిందో మెదడుకి కబురు వెళ్తుంది. ఈ మూడు గొట్టాలూ వచ్చి కలిసేచోట యుట్రికిల్ అనే చిన్న సంచి ఉంది. అందులో జిగురు చాప లాంటి పొర మీద కంటికి కనపడనంత సన్నటి స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి. అవి కాల్షియం కార్బొనేట్, అంటే గోదావరి ఒడ్డున మనం ఏరుకునే ఆల్చిప్ప ఏ పదార్థమో అదే. నేల ఎటు ఉంది, తల ఎంత వాలింది అన్నది అవి చెప్తాయి. అవి అందరికీ ఉండాల్సినవే, వాటి చోట అవి ఉన్నంతకాలం మనకి మేలే చేస్తాయి.

వయసు మీద పడితేనో, తలకి దెబ్బ తగిలితేనో, చాలారోజులు మంచాన పడితేనో, ఒక్కోసారి ఏ కారణం లేకుండానో ఆ స్ఫటికాలు కొన్ని ఊడి పక్కనున్న గొట్టంలోకి జారిపోతాయి. ఎక్కువగా వెనకవైపు గొట్టంలోకే, అది అన్నిటికంటే పల్లంలో ఉంటుంది కాబట్టి. వరద రోజుల్లో గోదావరి నీళ్ళు బిందెతో తెచ్చి ఉంచితే ఒండ్రు అడుక్కి దిగుతుంది, బిందె కదిపితే లేస్తుంది, కాసేపటికి మళ్ళీ దిగుతుంది. ఇక్కడా అంతే. తల కదపకపోతే రాళ్ళు అడుగున పడి ఉంటాయి, ఏమీ తెలీదు. ఒత్తిగిలితే జారడం మొదలెడతాయి, ద్రవాన్ని లాక్కుపోతాయి, పొర వంగుతుంది. తల ఆగిపోయినా ఆ చెవి మాత్రం "తిరుగుతోంది, తిరుగుతోంది" అని మెదడుకి చెప్తూనే ఉంటుంది. రెండో చెవేమో లేదంటుంది. ఆ పేచీయే మనకి ఇల్లు తిరిగినట్టు తెలుస్తుంది. రాళ్ళు కొత్త అడుక్కి దిగగానే ఆగిపోతుంది. అందుకే పడుకోగానే కాకుండా రెండు మూడు సెకన్లు ఆగి మొదలవుతుంది, నిమిషం లోపలే తగ్గుతుంది, వెంటవెంటనే అదే పని చేస్తే రెండోసారి కొంచెం తక్కువగా వస్తుంది.

మెడ సంగతి. 60 దాటిన దాదాపు ఎవరి మెడ ఎక్స్‌రే తీసినా అరుగుదల కనపడుతుంది, నెత్తిన తెల్లవెంట్రుకలు ఉన్నట్టే. కనపడిందల్లా జబ్బుకి కారణం అయిపోదు. ఒక్కటి ఆలోచించండి. మంచం మీద ఒత్తిగిలినప్పుడు భుజాలూ తలా కలిసే తిరుగుతాయి, మెడ మెలిక పడదు. అయినా ఇల్లు తిరిగిందంటే తప్పు మెడది ఎలా అవుతుంది? కాలర్ వల్ల ఇంకో నష్టం ఉంది. మెడ కదలకపోతే నడకలో తూలు ఎక్కువవుతుంది, కాళ్ళ దగ్గర గుమ్మం కూడా కనపడదు. ఈ వయసులో తిరుగుడు కంటే దాని మూలంగా పడి తుంటి విరగడమే నాకు పెద్ద భయం. చేతుల్లోకి తిమ్మిరి, లాగుడు లాంటివి లేకపోతే ఆ కాలర్ ఎందుకు వేశారో వేసినవారినే అడిగి తీసేయించండి.

ఇది ఎవర్నో తప్పుపట్టడానికి రాయడం లేదు. నేను చేసిన తప్పే ఒకటి ఉంది. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ముమ్మిడివరం వైపు నుంచి ఒకావిడ వచ్చేది, ఊడ్పులకి వెళ్ళే మనిషి. వంగి నాటు వేసి నడుం ఎత్తితే ఇల్లు తిరిగినట్టు చేలు తిరుగుతున్నాయని చెప్పింది. బయట జనం ఉన్నారు. స్టూలు మీద కూర్చోబెట్టి చెవిలో లైటు వేసి చూశాను, కర్ణభేరి బాగుంది, మాత్రలు రాశాను. నెలకోసారి చొప్పున మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ స్టూలు మీదే చూశాను. ఒకరోజు నా దగ్గరికి వచ్చిన సీనియర్ ఒకాయన "పడుకోబెట్టి చూశావా?" అని అడిగి, తనే పడుకోబెట్టారు. కళ్ళు సుడి తిరుగుతూ కనిపించాయి. ఐదు నిమిషాల పని. లేచి కూర్చుని ఆవిడ నన్ను ఏమీ అనలేదు, "ఈ ఏడు ఊడ్పులకి ఎల్లలేదండి, పిల్లలు ఎల్లొద్దన్నారు" అంది. ఒక సీజను కూలి నావల్ల పోయింది. ఆ రోజు నుంచి కళ్ళు తిరుగుతున్నాయన్న మనిషిని పడుకోబెట్టకుండా నేను పంపలేదు.

ఆ పడుకోబెట్టే పరీక్షని డిక్స్-హాల్‌పైక్ అంటారు, 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అనే డాక్టర్లు రాసిపెట్టారు. జబ్బు అంతకు ముందే, 1921లో, రాబర్ట్ బరానీ కంటపడింది. చెవిలోని తూకం యంత్రం మీద చేసిన పనికి 1914 నోబెల్ బహుమతి వచ్చింది ఆయనకే. పరీక్షలో మనిషిని బల్ల మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, తల 45 డిగ్రీలు ఒక పక్కకి తిప్పి, తల బల్ల అంచు కిందికి కొద్దిగా వేలాడేలా వెనక్కి పడుకోబెడతాం. కళ్ళు గట్టిగా మూసుకుంటారు, సహజం. "తెరిచే ఉంచండమ్మా, నా ముక్కు చూడండి" అని బతిమాలి చూడాలి. వెనక గొట్టంలో రాళ్ళుంటే, రెండు మూడు సెకన్ల తర్వాత నల్లగుడ్డు నేలవైపు ఉన్న చెవి దిక్కుకి సుడి తిరుగుతూ, నుదుటివైపు కొట్టుకుంటుంది. 10, 20 సెకన్లు కొట్టుకుని మెల్లగా ఆగుతుంది. పక్కనే ఉన్న ఇంట్లోవాళ్ళు అది చూసి హడలిపోతారు. నేను మాత్రం సంతోషిస్తాను. జబ్బు ఏదో, ఏ చెవిదో, ఏ గొట్టమో ఆ కంటి కదలిక ఒక్కటే చెప్పేస్తుంది. ఏ స్కానింగూ ఆ రాళ్ళని చూపించలేదు. అందుకే అమ్మగారి ఎంఆర్‌ఐలో ఏమీ లేదు.

మీరు ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఆవిడ పడుకుని తిరుగుడు వస్తున్న సమయంలో కళ్ళు తెరిపించి, ఫోన్ దగ్గరగా పెట్టి, లైటు వేసి ఒక నిమిషం వీడియో తీయండి. ఏ పక్కకి పడుకున్నప్పుడు తీశారో గట్టిగా చెప్తూ తీయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా అది మీ ఎక్స్‌రేల సంచీ కంటే పనికొస్తుంది.

వైద్యం పేరు ఎప్లీ. అమెరికాలో పోర్ట్‌లాండ్ డాక్టరు జాన్ ఎప్లీ దీన్ని కనిపెట్టారు. మందు లేకుండా తల తిప్పి తగ్గిస్తానంటే తోటి డాక్టర్లు చాలా ఏళ్ళు నమ్మలేదు, 1992లోగానీ ఆయన వ్యాసం అచ్చు కాలేదు. ఇవాళ ప్రపంచమంతటా మొదటి వైద్యం ఇదే. ఒక్కసారి చేస్తే పదిమందిలో సుమారు ఎనిమిదిమందికి తగ్గుతుంది, మిగిలినవాళ్ళకి రెండు మూడు సార్లు పట్టొచ్చు. ఇందులో చేసేది ఒక్కటే: వంకర కాలవలో పూడికని వంపు వెంబడి మెల్లమెల్లగా జరుపుతూ, పడాల్సిన సంచీలో పడేయడం.

మొదటిసారి మటుకు తెలిసినవారి చేతిలోనే చేయించండి. అమలాపురం, పాలకొల్లు, భీమవరం ఎటు వెళ్ళినా ఈఎన్‌టీ డాక్టర్లు ఉన్నారు, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. ఫోన్ చేసి "డిక్స్-హాల్‌పైక్ చూసి ఎప్లీ చేస్తారా?" అని పేరు పెట్టి అడగండి. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే అమ్మగారు బెదిరిపోకుండా ఉంటారని కుడి చెవికి చేసే తీరు చెప్తున్నాను.

గట్టి మంచం కావాలి. నులక మంచం, నవ్వారు మంచం మధ్యలో పల్లం పడతాయి, తల వెనక్కి వాలదు. కాళ్ళు చాపి కూర్చుంటే, వెనక్కి పడుకున్నప్పుడు భుజాల కిందికి వచ్చేలా ఒక దిండు పెట్టాలి. తల కుడికి 45 డిగ్రీలు, అంటే గడ్డం ముందుకీ భుజానికీ మధ్యలో ఉండేలా తిప్పాలి. అలాగే ఉంచి వెనక్కి పడుకోబెడితే తల దిండు దాటి కొద్దిగా కిందికి వాలుతుంది. ఇక్కడ తిరుగుడు బాగా వస్తుంది. అది ఆగాక ఇంకో అర నిమిషం ఆగాలి. తర్వాత తల పైకెత్తకుండా ఎడమవైపుకి తిప్పాలి, ఈసారి ఎడమకి 45 డిగ్రీలు. మళ్ళీ అర నిమిషం నుంచి నిమిషం. ఇప్పుడు మనిషి మొత్తం ఎడమ పక్కకి ఒత్తిగిలాలి, తల కూడా దాంతోపాటే తిరిగి ముక్కు నేలకేసి చూడాలి. ఇక్కడ మరోసారి తిరుగుడు వస్తే కంగారు పడొద్దు, రాళ్ళు దారిలో పడ్డాయనడానికి అది మంచి గుర్తు. నిమిషం ఆగి, కాళ్ళు మంచం దించి, గడ్డం కొద్దిగా కిందికి పెట్టి, ఎడమ పక్క నుంచి మెల్లగా లేచి కూర్చోవాలి. ఆ కూర్చునే క్షణంలో ఒక్కోసారి ఎవరో ముందుకి తోసేసినట్టు ఒళ్ళు విసురుగా తూలుతుంది. అందుకే పక్కన ఒక మనిషి రెండు భుజాలూ పట్టుకునే ఉండాలి. పది నిమిషాలు అలా కూర్చుని లేవొచ్చు. ఎడమ చెవికైతే కుడి, ఎడమ తారుమారు చేసుకోవాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు తొందర. వీడియో చూసి గబగబా ముప్పై సెకన్లలో నాలుగు భంగిమలూ చేసేస్తారు. రాయికి జారడానికి సమయం ఇవ్వకపోతే అది ఎక్కడిది అక్కడే ఉంటుంది. రెండో పొరపాటు చెవి తప్పడం. మరొకటి, మెడ ఎముకలకి నిజంగా గట్టి జబ్బు ఉన్నవాళ్ళు, ఈమధ్యే మెడ ఆపరేషన్ లేదా కంటి రెటీనా ఆపరేషన్ అయినవాళ్ళు, మెడ రక్తనాళాలు బాగా ఇరుకైనవాళ్ళు సొంతంగా చేసుకోకూడదు. వాళ్ళకి తల వేలాడదీయకుండా చేసే పద్ధతులు ఉన్నాయి, డాక్టరు ఎంచుకుంటారు.

అన్నీ వెనక గొట్టమే కాదు. కొందరికి అడ్డంగా ఉండే గొట్టంలోకి రాళ్ళు పోతాయి. వాళ్ళకి వెల్లకిలా పడుకుని కుడికి తిరిగినా, ఎడమకి తిరిగినా రెండువైపులా తిరుగుడు వస్తుంది, ఒకవైపు మరీ ఎక్కువ. వాంతులు కూడా ఎక్కువే. వాళ్ళకి ఎప్లీ పనిచేయదు. మంచం మీద మనిషిని మెట్లు మెట్లుగా పూర్తి చుట్టు తిప్పే పద్ధతి వేరే ఉంది. "ఎప్లీ చేయించాం, తగ్గలేదు" అని వచ్చేవాళ్ళలో కొందరి సంగతి ఇదే, గొట్టం వేరు. ఎప్లీ చేస్తుండగా రాయి ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి పడటం కూడా అప్పుడప్పుడూ జరుగుతుంది. మళ్ళీ చూసి సరిచేస్తాం.

మాత్రల విషయం జాగ్రత్తగా చదవండి. బీటాహిస్టిన్, సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, ఈ మూడిట్లో ఏదో ఒకటి అమ్మగారి చీటీలో ఉండి ఉంటుంది. ఇవేవీ రాయిని కదపలేవు. వాంతులు విపరీతంగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు, లేదా ఎప్లీ చేసే ముందు ఒక మాత్ర ఇవ్వడంలో తప్పులేదు, నేనూ ఇస్తాను. నెలల తరబడి వాడితేనే ప్రమాదం. ముఖ్యంగా సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ పెద్దవయసువాళ్ళలో చేతులు వణకడం, అడుగు చిన్నదైపోవడం, ముఖంలో కదలిక తగ్గడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు తెస్తాయి. తిరుగుడుకి మందు వేసుకుంటూ వణుకు వచ్చి, ఆ వణుక్కి ఇంకో మందు మొదలెట్టినవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. పైగా ఈ రెండూ మెదడు తనంతట తాను సర్దుకోవడాన్ని కూడా మందగింపజేస్తాయి, పరీక్షలో కంటి కదలికని కప్పిపెడతాయి. రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి, పరీక్షకి వెళ్ళే ముందు ఒకటి రెండు రోజులు ఆపొచ్చేమో అడగండి. బీపీ, షుగరు మాత్రలు మాత్రం ఆపొద్దు.

ఇప్పుడు భయపడాల్సిన సంగతి. ప్రతి తిరుగుడూ ఇదే అనుకుని ఎవరూ ఇంట్లో కూర్చోకూడదు. బీపీపీవీలో చెవుడు రాదు, హోరు రాదు, తల కదపకుండా ఉంటే తిరుగుడు ఉండదు. గంటల తరబడి తిరిగి, ఒక చెవి దిబ్బడ వేసి, హోరుమని శబ్దం, వినికిడి తగ్గడం ఉంటే మెనియర్ జబ్బు అనుకోవాలి. జలుబు, జ్వరం తర్వాత రెండు మూడు రోజులు ఏకధాటిగా తిరిగి వాంతులైతే చెవి తూకపు నరానికి వాపు కావచ్చు. తలనొప్పితోపాటు వెలుతురు, శబ్దం భరించలేకపోతే మైగ్రేన్ తిరుగుడు. తిరుగుడు ఆగకుండా ఉండి, దాంతో మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనపడటం, మింగలేకపోవడం, ముఖమో చెయ్యో కాలో ఒకవైపు తిమ్మిరెక్కడం, పట్టుకున్నా నిలబడలేకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మెదడు వెనకభాగంలో స్ట్రోక్ కావచ్చు. రొయ్యల చెరువు దగ్గర కాపలా పడుకునే ఒకాయన, బీపీ షుగరు రెండూ ఉన్న మనిషి, తెల్లవారుజామున ఇలా మొదలైతే పైత్యం అనుకుని మర్నాటిదాకా మజ్జిగ తాగుతూ పడుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు పట్టుకున్నా నిలబడలేకపోతున్నాడు. రక్తం గడ్డ కరిగించే ఇంజక్షను మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. లంక ఊళ్ళవాళ్ళకి ఆ నాలుగున్నర గంటల్లోనే పంటు మీద ఏరు దాటడం కూడా ఉంటుంది. అలాంటప్పుడు అల్లంరసం తీసే సమయం కూడా వృథా చేయకండి, 108కి ఫోన్ చేయండి.

తగ్గాక ఏమిటి? ఎప్లీ అయ్యాక రెండు మూడు రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు, తల కాస్త తేలిపోతున్నట్టు, మెత్తటి పరుపు మీద నడుస్తున్నట్టు ఉంటుంది. మెదడు పాత లెక్క మర్చిపోయి కొత్త లెక్కకి అలవాటుపడుతోందన్నమాట. నడిస్తే త్వరగా పోతుంది. పొద్దున్నే కాలవగట్టు మీద చెయ్యి పట్టుకుని నడిపించండి, నడుస్తూ తల అటూ ఇటూ తిప్పి చూడమనండి. రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలని పూర్వం చెప్పేవాళ్ళం, ఇప్పుడు ఆ నియమం అక్కర్లేదని తేలింది. ఎప్లీ అయిన రాత్రే మంచం మీద పడుకోవచ్చు.

ఇది తిరగబెట్టే జబ్బు, ముందే చెప్పడం నయం. ఐదేళ్ళలో సగంమందికి దాకా మళ్ళీ రావచ్చు. వస్తే మళ్ళీ ఎప్లీయే, ఈసారి భయం లేకుండా. యాభై దాటిన ఆడవాళ్ళకి ఎక్కువగా రావడానికి ఎముకల బలహీనతతోనూ, విటమిన్ డి తక్కువతోనూ సంబంధం కనపడుతోంది. 2020లో కొరియాలో జరిగిన ఒక పెద్ద పరీక్షలో, డి తక్కువగా ఉన్నవాళ్ళకి విటమిన్ డి, కాల్షియం ఇస్తే మళ్ళీ రావడం సుమారు పావువంతు తగ్గింది. మన దగ్గర ఎండకి కొదవలేకపోయినా ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళలో డి తక్కువగా ఉండటం నేను రోజూ చూస్తున్నాను. ఒకసారి రక్తపరీక్ష చేయించండి, తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి, సొంతంగా సాచెట్లు మింగించొద్దు. పూర్తిగా తగ్గేదాకా అటక మీద డబ్బాలు అందుకోవడం, స్టూలెక్కి ఫ్యాను తుడవడం, రేవు మెట్లు ఒంటరిగా దిగడం మాన్పించండి. ఇదే జబ్బు ఉన్న కొబ్బరి దింపు వాళ్ళకీ, మోటారు సైకిలు నడిపేవాళ్ళకీ నేను గట్టిగా చెప్పేది కూడా అదే. చెట్టు మొవ్వలో గెల కేసి తలెత్తిన క్షణంలో వచ్చే అర నిమిషం తిరుగుడు కింద నేల మీద ఉన్నవాడికి వచ్చినట్టు కాదు.

రెండు నెలలు కుర్చీలో పడుకున్నారంటే ఆవిడ ఎంత బెదిరిపోయి ఉంటారో నేను ఊహించగలను. ఇలాంటివాళ్ళు తలని నీళ్ళ బిందెలా మోసుకుంటూ నా గదిలోకి వస్తారు. ఎవరైనా పిలిస్తే మొత్తం ఒళ్ళు తిప్పుతారు, తల తిప్పరు. పెద్దవయసు వల్ల అలా అయిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. ఆవిడకి ముందుగా ఒక మాట చెప్పండి: పరీక్షలో తిరుగుడు వస్తుంది, గట్టిగానే వస్తుంది, నిమిషం లోపల ఆగిపోతుంది, నేను చెయ్యి పట్టుకునే ఉంటాను అని. వెళ్ళేరోజు పొద్దున కడుపునిండా టిఫిను పెట్టకండి, ఒకటి రెండు ఇడ్లీలు చాలు. సంచీలో ఒక తువ్వాలు, వాంతి కవరు పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద కాకుండా ఆటోలో తీసుకురండి. ఏ చెవి అన్నారో, కళ్ళు ఎటు కొట్టుకున్నాయన్నారో, ఎన్నిసార్లు చేశారో రాయండి. తగ్గకపోతే ఆ మూడు వివరాలని బట్టి తర్వాత ఏం చేయాలో చెప్తాను.